మీటరు సున్నా చూపించిన రోజు

నాయన చింతామణిలో ముప్పై ఏండ్లు పంచర్ అంగడి నడిపినాడు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇద్దరిదీ ఒకటే పని అంటాడు ఆయన, యాడ లీకవుతోందో కనిపెట్టేది. పోయిన దసరా సెలవుల్లో ఆయన పక్కన లేకపోయింటే నా చెయ్యి ఏమయ్యేదో.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మౌంటెన్ బైకు. దాని వెనక షాక్‌లో స్ప్రింగు ఉండదు, గాలే స్ప్రింగు. కన్నడ బడిలో నేను ‘గాళి’ అని రాసుకున్నా ఇంట్లో అది గాలే కాబట్టి, నాయన దానికి ‘గాలి బుడ్డి’ అని పేరు పెట్టినాడు. కైవారం పక్క రాళ్ల దారిలో తొక్కుతుంటే ఆ రోజు వెనకభాగం కూలబడినట్టు అనిపించింది. చిన్న రాయి తగిలినా నడుముకు తెలుస్తోంది.

నా బరువుకు 160 పీఎస్ఐ పెడతాను. ఇంటికొచ్చి పంపు తగిలిస్తే 145 చూపించింది. మళ్ళీ 160 చేసి, గంట తర్వాత చూస్తే మళ్ళీ 145. లీకే అనుకున్నాను. అరుగు మీద కూర్చొని చూస్తా ఉన్న నాయన, “నువ్వు చూసినప్పుడల్లా ఆ పైపు గాలి తినదా?” అన్నాడు. నిజమే. షాక్‌లో పట్టే గాలే తక్కువ. పంపు తగిలించగానే ఖాళీ పైపు నిండేకి అందులోంచే కొంత పోతుంది. ఆఫీసులో ఇట్లాంటి బగ్గు వెంట వారం తిరిగినవాణ్ణి, ఇంట్లో గుర్తుపట్టలేకపోయినాను.

ఆయన వేలు నాలుకకు తాకించి వాల్వు నోటి మీద తడి పెట్టినాడు. బుడగ రాలేదు. తర్వాత సబ్బునీళ్ళు వాల్వుకీ, డబ్బా అంచులకీ, కడ్డీ లోపలికి పోయే చోటికీ పూసినాం. యాడా బుడగ లేదు. కానీ బండి మీద ఎవరూ లేకపోయినా కడ్డీ పూర్తిగా బయటికి రావడం లేదు. 55 మిల్లీమీటర్లు ఆడాల్సినదాంట్లో పదో పన్నెండో లోపలే ఉండిపోయింది.

తర్వాత తెలిసిన సంగతి ఇది. గాలి బుడ్డిలో రెండు గదులుంటాయి. పెద్ద గదిలోని గాలి కడ్డీని బయటికి తోస్తుంది, చిన్న గదిలోని గాలి లోపలికి లాగుతుంది. మధ్యలో ఒక రబ్బరు సీలు. అది అరిగితే పెద్ద గది గాలి చిన్న గదిలోకి జారి అక్కడే ఇరుక్కుంటుంది. గాలి బయటికి పోదు కాబట్టి సబ్బునీళ్ళకు దొరకదు.

ఇదేమీ తెలియక, షాక్‌ను బండినుంచి తీసి వాల్వు నొక్కి గాలంతా వదిలేసినాను. మీటరు సున్నా. బుడ్డి మాత్రం నా చేతిలోనే దానంతటదే ఇంకా లోపలికి ముడుచుకుంది. గాలి లేకపోతే కుంగిపోదా అనుకొని, డబ్బా తిప్పేకి గుడ్డ చుట్టి పట్టుకున్నాను.

నాయన లేచొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. “ఖాళీ అయింటే యాల ముడుచుకునింది రా? లోపల ఏదో పట్టి లాగుతా ఉండాది. కింద పెట్టు.”

ఆయన కుడి కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉంది. లారీ చక్రం రింగు ఎగిరి తగిలిందని అమ్మ చెప్పేది. ఆ పొద్దు మొదటిసారి ఆయనే చెప్పినాడు, టైరులో గాలంతా తీసేసినానని అనుకున్నాడంట. కొంచెం మిగిలింది.

బెంగళూరులో షాక్‌లు బాగుచేసే మెకానిక్ చూడగానే చెప్పినాడు, గాలి చిన్న గదిలో ఇరుక్కుంది, ఇంట్లో డబ్బా తిప్పింటే అది ఎగిరి ముఖానికో చేతికో తగిలేదని. అందుకే చెబుతున్నాను, గాలి తీసినా షాక్ ముడుచుకునే ఉంటే, మీటరు ఏం చూపించినా విప్పొద్దు. తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోండి.

సీళ్ళు మార్చినాక పాత రబ్బరు ఉంగరం అడిగి తెచ్చుకున్నాను. చూపు తగ్గింది కదా, నాయన దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పి, ఒకచోట గోరు ఆపి, “ఇదో, ఈడ” అన్నాడు.