తురకోళ్ల పిల్లి

"ఇది మాంసం తింటుందా అండీ?" అని అడిగిందావిడ, గుమ్మం బయటే నిలబడి.

పిల్లిని గురించి ఎవరైనా అడిగే ప్రశ్నేనా ఇది? నాకు నవ్వొచ్చింది. కాసేపటికి అర్థమైంది. ఆవిడ అడుగుతున్నది పిల్లిని గురించి కాదు. మా ఇంట్లో పెరిగిన పిల్లిని గురించి.

నిజానికి అది మా ఇంట్లో పుట్టింది కాదు. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు బెజవాడను ముంచింది. ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేరుకే. అందరూ బెజవాడ వైపు చూస్తుంటే ఇక్కడ నీరు చప్పుడు లేకుండా ఎక్కింది. కొల్లేట్లోంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. పైనుంచి వచ్చినంత జోరుగా కిందికి పోదు. చిన ఎడ్లగాడి దగ్గర ఏలూరు కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. వార్త కోసం వెళ్లాను. తెలుగులో ఒకటి, అదే ఉర్దూలో ఇంకొకటి రాయాలి. పడవ నడిపే బాబాయి ఒక చేపలబుట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అందులో మూడు పిల్లికూనలు. అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్నాయి. చేపల చెరువు గట్టుమీద కాపలా గుడిసెలో తవుడు బస్తాల మధ్య పెట్టిందట తల్లి. ఎలకలు బస్తాలు కొరక్కుండా అక్కడ పిల్లుల్ని ఉంచుకుంటారు. గట్టు తెగింది. తల్లి జాడ లేదు.

"మీ ఇళ్లల్లో పిల్లుల్ని బాగా చూస్తారంట గదమ్మా" అన్నాడు.

'మీ ఇళ్లల్లో' అనే మాట వినపడితే దాని వెనక ఏం రాబోతుందోనని ఒళ్లు బిగబట్టుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ రోజు దాని వెనక పిల్లులొచ్చాయి.

మాది తంగెళ్లమూడి. మా నానా తివాచీలు నేసేవాడు. మగ్గం ఎప్పుడో పోయింది గానీ, ఊలు ముక్కల సంచి మాత్రం అటక మీద ఉంది. అమ్మీ దాన్ని దించి అట్టపెట్టెలో పరిచింది. ఏ షావుకారు హాల్లోనో పరవాల్సిన రంగులు. వాటిలో మూడు కూనలు వణుకుతూ పడుకున్నాయి. పశువుల డాక్టరు చెప్పినవి ఇప్పటికీ గుర్తే. చల్లబడిన కూనకి పాలు పట్టకూడదు, ముందు వెచ్చబెట్టాలి. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, పిల్లికూనల పాలపొడే కావాలి. పసిపిల్లల్లా వెల్లకిలా పట్టకూడదు, బోర్లా ఉంచే పట్టాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రాత్రీపగలూ మూడు గంటలకోసారి. తల్లి నాలుకతో చేసే పని మనం తడిపిన గోరువెచ్చని దూదితో చేయాలి, అలా తుడిస్తేనే ఒంటికి, రెంటికి పోతాయి. వంటింటి త్రాసులో రోజూ తూచేదాన్ని. పది గ్రాములు పెరిగితే ఆ రోజు పండగ. అన్నిటికంటే చిన్నది నాలుగోరాత్రి పోయింది. అమ్మీ జామచెట్టు కింద పాతిపెట్టి, చేతులు కడుక్కుని, మిగిలిన రెండింటికీ పాలు కలిపింది.

అమ్మీకి ఒక హదీసు ఇష్టం. అబూ ఖతాదా వజూ చేసుకుంటుంటే ఒక పిల్లి వచ్చి నీళ్లవైపు చూసిందట. ఆయన పాత్ర వంచి పట్టాడు. అది తాగింది. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తే, పిల్లి అపవిత్రం కాదని, మన చుట్టూ తిరిగేవాళ్లలో అదీ ఒకటని ప్రవక్త అన్నట్టు ఆయన చెప్పాడట. పిల్లి ఎదురొస్తే చెప్పులు విడిచి వెనక్కి పోయి కూర్చునే వీధిలో పెరిగిన నాకు, ఇంట్లో ఈ కథ వింటే గర్వంగా ఉండేది.

రెండు వారాల వయసు నుంచి ఏడు వారాల దాకా మనిషి చేతుల్లో ఆడిన కూన తర్వాత మనిషికి భయపడదని చదివాను. ముట్టుకోకుండా తిండి మాత్రం పెడితే విడిచిపెట్టడం నాకు తేలిక. కానీ అది ఏ ఇంటికి పోయినా మంచం కిందే బతుకుతుంది. అందుకని ఎత్తుకున్నాను, ఆడించాను, మెడలో పడుకోబెట్టుకున్నాను. మున్నీ, షేరూ అని పేర్లు పెట్టాను. నేను చేసిన ప్రతి ముద్దూ వాటిని ఇంకెవరి ఒళ్లోకో పోవడానికి తయారుచేస్తోందని తెలిసే చేశాను. "ఎనిమిది వారాలు నిండగానే ఇచ్చెయ్. ఇంకో నెల ఆగితే నువ్వివ్వవు" అంది అమ్మీ.

షేరూని పడవ బాబాయే వచ్చి తీసుకెళ్లాడు. వాడి కొల్లేరు వాడికి. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లుకి కావాలని ఒకాయన అడిగాడు. మిల్లులో ఎలకల మందు కూడా పెడతారని తెలిసి ఇవ్వనన్నాను.

ఆ తర్వాత వచ్చింది పవర్‌పేట నుంచి ఈ రిటైరైన టీచరుగారు. అమ్మీ మంచినీళ్లు తెచ్చింది. "శనివారం, ఉపవాసమండీ" అంది. ఉపవాసానికి మంచినీళ్లు కూడా అడ్డమా? అమ్మీ గ్లాసు గట్టుమీద పెట్టి ఊరుకుంది. మున్నీ పోయి అందులో మూతి పెట్టింది.

మాంసం తింటుందని చెప్పాను. పెరుగన్నంతో పిల్లి బతకదని, మాంసంలో ఉండే టారిన్ అందకపోతే దాని చూపు పోతుందని, గుండె దెబ్బతింటుందని చెప్పాను. కొంచెం కసిగానే చెప్పాను, వెనక్కి పోతుందేమోనని. ఆవిడ చాలాసేపు మున్నీనే చూసింది. "చేప నేను ముట్టలేను. మా పనమ్మాయి వండుతుంది. పెరట్లో వేరే పొయ్యి పెట్టిస్తాను" అంది.

లోపలికెళ్లి ఉర్దూలో అమ్మీతో గొడవపడ్డాను. మన నీళ్లు తాగని మనిషికి మన పిల్ల ఎందుకని. "నీళ్లు తాగాల్సింది ఆవిడా, పిల్లా? దానికి ఆకలేస్తే పెడుతుందా లేదా, అది చూడు" అంది అమ్మీ.

ఉర్దూలో రుఖ్సతీ అంటాం. తెలుగులో అప్పగింతలు. రుఖ్సతీలో వెళ్లేవాళ్లు సెలవు తీసుకుంటారు. అప్పగింతల్లో ఇచ్చేవాళ్ల చేతులే కనిపిస్తాయి. ఆ రోజు మున్నీ ఏ సెలవూ అడగలేదు. బుట్టలోంచి అరుస్తూనే పోయింది. ఆ రాత్రి మూడు గంటలకి, పాలు పట్టే పని లేకపోయినా, మెలకువ వచ్చింది.

రెండురోజుల తర్వాత టీచరుగారి ఫోను. "మంచం కింద దూరింది, రావట్లేదు. లచ్చీ అని పిలుస్తుంటే వినదు. మీరేమని పిలుస్తారు?"

"ఆజా" అన్నాను.

"అంటే?"

"రా అని."

నన్నే పిలవమంది, ఫోను మంచం కింద పెడతానంది. ఒక్క క్షణం ఆశపడ్డాను. నా గొంతు వింటే తప్పకుండా వస్తుంది. కానీ వచ్చి నన్ను వెతుక్కుంటుంది. "మీరే పిలవండి" అన్నాను. ఆవిడ "అజా, అజా" అంది.

"దీర్ఘం తియ్యండి. ఆ... జా."

ఫోను పెట్టేశాను. పక్కనే నిలబడి వింటున్న అమ్మీ "వచ్చిందా?" అంది. తెలీదన్నాను.

నవంబరులో బుట్ట తిరిగి ఇవ్వడానికి వచ్చింది టీచరుగారు. గుమ్మం బయటే నిలబడింది. అమ్మీ టీ తెస్తే "కార్తీకమాసం కదండీ" అంది. కార్తీకమాసం నిజమే. మున్నీ బొద్దుగా అయిందట. పక్కింటి పిల్లలు 'తురకోళ్ల పిల్లి' అని పిలుస్తున్నారట. చెప్పకూడని మాటేదో చెప్పినట్టు ఆగిపోయిందావిడ.

"ఇప్పుడు లచ్చీ అంటే పలుకుతోందా?" అని అడిగాను.

"లేదు. పొద్దున్నే పెరటి తలుపు తీసి ఆజా అనాలి. అప్పుడే వస్తుంది" అంది, దీర్ఘం సరిగ్గా తీసి.