ఊటీలో పన్నెండు ఫొటోలు

ఊటీ ప్రయాణమంటే మీరేం సర్దుకుంటారు? స్వెట్టర్లు, మఫ్లర్లు, పిల్లలకి దగ్గుమందు, రైల్లోకి పులిహోర, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పుల తైలం... అంతేగా! ఈసారి ఇంకొక్కటి చేర్చండి. మీ అటక మీదో, బీరువా కింది అరలోనో పాత రీలు కెమెరా ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని దింపి, దుమ్ము దులిపి, వెంట తీసుకెళ్ళండి. రీలు కాలం చెల్లిపోయిందా? అయితే మరీ మంచిది! ఎందుకో చెప్తాను.

మా ఇంట్లో ఉన్నది అగ్ఫా క్లిక్ త్రీ. మీలో యాభై దాటినవాళ్ళకి పేరు చెప్పగానే గుర్తొచ్చేసి ఉంటుంది. బరోడాలో తయారయ్యేది. బ్యాటరీ అక్కర్లేదు. ఎండ గుర్తు, మబ్బు గుర్తు ఉంటాయి, ఏదో ఒకదాని దగ్గర పెట్టి మీట నొక్కడమే. వెనక చిన్న ఎర్ర కిటికీలోంచి రీలు కాగితం మీది అంకె కనిపిస్తుంది. 1 అయ్యాక 2 కనబడేదాకా తిప్పుకోవాలి. పన్నెండు ఫొటోలు, నలుచదరంగా. పదమూడోది లేదు.

ఇది మా మామయ్యగారిది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. కిందటేడు దసరాకి ట్రంకుపెట్టె సర్దుతుంటే తోలు కేసులో కెమెరాతో పాటు రెండు రీళ్ళు దొరికాయి. ఒకటి అసలు విప్పనిది, ‘ఇందు’ మార్కు నలుపు తెలుపు రీలు, గడువు 1993. రెండోది తీసేసి, చివర కాగితం అతికించి, కడిగించకుండా వదిలేసింది. అత్తయ్యని అడిగితే కాసేపు ఆలోచించి, “అది ఊటీది కామోసు. 85లో వెళ్ళాం. ఇంటికి రాగానే బదిలీ ఆర్డరు వచ్చిపడింది. సామాన్లు కట్టే గొడవలో ఎక్కడ పెట్టామో!” అన్నారు.

మా ఊళ్ళో రెండు స్టూడియోల్లో అడిగాను. “ఇవి ఇప్పుడెవరు కడుగుతారమ్మా!” అని నవ్వేశారు. చివరికి బెంగుళూరులో ఇంకా రీళ్ళు కడిగేవాళ్ళున్నారని తెలిసి కొరియరులో పంపాను. నెల తర్వాత పన్నెండులో మూడు బొమ్మలు తిరిగొచ్చాయి. రెంటిలో చెట్లు, మంచు. మూడోదాంట్లో అత్తయ్య! ముప్ఫై ఆరేళ్ళ అత్తయ్య, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని, రాతి దుంగ లాంటి దేనిపక్కనో నిలబడి ఎండకి కళ్ళు చికిలించి చూస్తున్నారు. ఆవిడ కాళ్ళ దగ్గర గడ్డి మీద పొడుగ్గా ఒక నీడ. మోచేతులు ఎత్తి కెమెరా పట్టుకున్న మనిషి నీడ.

ఇంట్లో ఫొటోలు తీసేవారికి వాళ్ళ ఫొటోలే ఉండవు కదండీ. మామయ్యగారివీ అంతే, పెళ్ళి ఫొటో, ఆఫీసు గ్రూపు ఫొటో తప్ప లేవు. అత్తయ్య ఆ నీడని చాలాసేపు చూసి, “ఈ చోటికి ఓసారి తీసుకెళ్తావా?” అన్నారు. అదీ మా ఊటీ ప్రయాణం.

ఇంతకీ పాత రీలుకి ఏమవుతుందంటే... ఫిల్ము మీద జిలాటిన్‌లో వెండి రేణువుల పూత ఉంటుంది. వెలుగు తగిలితే అవి మారతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ, ముఖ్యంగా మన ఎండాకాలపు వేడికి, వెలుగు తగలకుండానే కొన్ని మారిపోతాయి. అందుకే బొమ్మ మీద మసక పొర కమ్ముతుంది, గరుకుగా చుక్కలు తేలతాయి. రంగుల రీలు అయితే రంగులే తిరగబడతాయి, ఆకాశం వంగపండు రంగులోకి పోయినా పోవచ్చు. నలుపు తెలుపుది కొంచెం గట్టిపిండం. పైగా పాతబడిన రీలుకి వెలుగు పట్టే శక్తి తగ్గుతుంది. రంగుల రీలుకి పదేళ్ళకోసారి వెలుగు రెట్టింపు చేయమని అనుభవజ్ఞుల మాట. నలుపు తెలుపుకి అంత అక్కర్లేదు. మా క్లిక్ త్రీలో మార్చడానికి ఎక్కువేం లేదు కాబట్టి నేను ఎంచుకున్న ఉపాయం చాలా తేలిక. మంచి ఎండలోనే తీయడం, ఎండలో కూడా మబ్బు గుర్తు దగ్గరే పెట్టడం. అప్పుడు పెద్ద కన్నం తెరుచుకుని వెలుగు ఎక్కువ పడుతుంది.

తీయని రీళ్ళు దొరికితే గాలి చొరని కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. (కరివేపాకు పక్కనే పెట్టినా ఏం కాదు.) వాడే రోజున బయటికి తీసి, చల్లదనం పూర్తిగా పోయాకే కవరు విప్పాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. విమానంలో వెళ్ళేవాళ్ళు రీలుని చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొత్త రకం స్కానర్లు ఫిల్ముని మసకబారుస్తాయి. తీసేసిన రీలు దొరికితే మాత్రం ఫ్రిజ్ మీద ధైర్యంతో ఉండకండి, వెంటనే కడిగించండి. కోడాక్ వాళ్ళ కోడాక్రోమ్ అనే రంగుల రీలుని చివరిగా కడిగిన అమెరికా లాబ్ 2010 డిసెంబరుతో ఆ రీళ్ళు తీసుకోవడం ఆపేసింది. ఆ రీళ్ళు ఇప్పుడు దొరికినా వాటి రంగులు రప్పించే మార్గం లేదు.

మేం కోయంబత్తూరు దాకా శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, అక్కణ్ణుంచి మేట్టుపాళయం చేరాం. ఊటీకి 46 కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరే బొమ్మరైలు. కూనూరు దాకా పళ్ళ పట్టా మీద ఇంజను వెనకనుంచి తోస్తుంది. ఈ దారి కూనూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో తెరిచారు. యునెస్కో వాళ్ళు 2005లో గుర్తింపు ఇచ్చారు. టికెట్లు చాలా ముందుగా చేయించుకోండి, లేకపోతే బస్సే గతి. కిటికీ దగ్గర కూర్చున్న ప్రతివాళ్ళ చేతిలో ఫోను. సొరంగం వస్తే క్లిక్, జలపాతం కనిపిస్తే క్లిక్. నేను మాత్రం పన్నెండే ఉన్నాయని పిసినారిలా కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ దారి అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు. ఇది తీయనా, ముందు ఇంకా బాగుంటుందా అని చూస్తూ చూస్తూ ఒక్క ఫొటో కూడా తీయకుండా ఊటీ చేరిపోయాను!

మర్నాడు బొటానికల్ గార్డెన్. 1848 నాటి తోట. ఆ రాతి దుంగ కోసం వెతకనక్కర్లేకపోయింది. రెండు కోట్ల ఏళ్ళ నాటి శిలగా మారిన చెట్టు మాను అది, తోటలో అందరూ చూసేదే. అత్తయ్య దాని చుట్టూ ఓసారి తిరిగి, “అప్పుడు ఈ కంచె లేదు” అన్నారు. ఫొటోని చేత్తో పట్టుకుని ఎండ ఎటుందో చూసుకున్నాం. పాత రోజుల్లో సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయాలని చెప్పేవారు కదా, అందుకే మామయ్యగారి నీడ ముందు పడింది. నేనూ అలాగే నిలబడ్డాను. నా నీడ అత్తయ్య కాళ్ళ దాకా వెళ్ళింది. పక్కకి జరగబోతే, “ఉండనీ అమ్మా, అడ్డం కాదు” అన్నారు.

తర్వాత కెమెరా ఆవిడ చేతికిచ్చాను. “నాకెందుకే, ఆయన ముట్టుకోనిచ్చేవారు కాదు” అని చీర కొంగుకి చేతులు తుడుచుకున్నారు. మన హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ 1892లోనే ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకి అప్పజెప్పారు. మన ఇళ్ళల్లో మాత్రం ఆ తర్వాత వందేళ్ళకి కూడా కెమెరా మగవాళ్ళ వస్తువే! అత్తయ్య ఎర్ర కిటికీలో 7 చూసుకుని, ఊపిరి బిగబట్టి, నన్ను తీశారు.

ఊటీలో సరస్సు, దొడ్డబెట్ట, తోడా ఆడవాళ్ళ ఎరుపు నలుపు దారాల శాలువలు, కరకరలాడే వర్కీలు... వీటి గురించి ఇదివరకే చాలామంది రాశారు కనక నేను వదిలేస్తున్నాను. ఎవరూ వెళ్ళని ఒక చోటుకి మాత్రం మిమ్మల్ని తీసుకెళ్తాను. ఇందునగర్. మా రీలు పుట్టిల్లు! ఫిల్ము తయారీకి దుమ్ములేని చల్లటి గాలి కావాలి. అందుకే ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థని స్థాపించి ఫ్యాక్టరీని ఈ కొండ మీద పెట్టింది. ఫ్రెంచి కంపెనీ సాయంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు అంటే చంద్రుడు, వెండి పూతకి ఎంత చక్కటి పేరో చూడండి. 1996లో ఖాయిలా పరిశ్రమ అన్నారు. తర్వాత డిజిటల్ వచ్చి మిగిలిన కాస్తా తుడిచిపెట్టింది. 2014లో ఉద్యోగులకి స్వచ్ఛంద విరమణ పథకం ప్రకటించారు.

లోపలికి వెళ్ళడానికి లేదు. గేటు బయటనుంచి మూసిన కట్టడాలు, పెరిగిన పొదలు కనిపిస్తాయి. దగ్గర్లోని టీ కొట్టు దగ్గర ఒక పెద్దావిడ మా చేతిలో రీలు డబ్బా చూసి ఆగిపోయారు. అక్కడ పనిచేశారట. వాళ్ళ అమ్మమ్మగారిది కోయంబత్తూరు వైపు తెలుగు కుటుంబం, అందుకని తమిళం కలిసిన తెలుగులో మాట్లాడారు. కటిక చీకట్లో ఉండేదట పని. ఎదురొచ్చేవాళ్ళని గుద్దుకోకుండా నోటితో చప్పుడు చేస్తూ నడిచేవారట. “ఇంటికి పోయినాక కూడా దీపం వెయ్యకుండానే వంటింట్లో అన్నీ వెదుక్కుంటా ఉంటిని” అని నవ్వారు. డబ్బా చేత్తో తిప్పి చూసి, “ఇది ఇంకా పనిచేస్తుందా?” అని అడిగారు. తెలీదు, కడిగించాలి అన్నాను. గేటు ముందు ఆవిణ్ణి, అత్తయ్యని నిలబెట్టి పన్నెండోది తీశాను.

ఈసారి కూడా బెంగుళూరుకే పంపాను. ఇంట్లో కూడా కడగొచ్చు, డెవలపరు, హైపో దొరుకుతున్నాయి. కాకపోతే నీళ్ళు 20 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, మన వేసవిలో టబ్బులో ఐసు ముక్కలు వేసుకోవాల్సిందే. వంటకి వాడే గిన్నెలు మాత్రం ఆ మందులకి వాడకండి.

పన్నెండులో ఎనిమిది వచ్చాయి. అన్నీ చలికాలం పొద్దుటి మంచులోంచి చూసినట్టున్నాయి. గేటు దగ్గరి ఫొటోలో ఇద్దరి ముఖాలూ తెలుస్తున్నాయి, ఒక కాపీ ఆ పెద్దావిడకి పోస్టులో పంపించాను. అత్తయ్య తీసిన నా ఫొటోలో, వెనకున్న కాగితం ఏళ్ళ తరబడి ఒత్తుకుని, నా తల పక్కన ఆకాశంలో 7 అంకె అచ్చుపడింది. అది చెరిపించి ప్రింటు వేయిస్తానంటే అత్తయ్య ఒప్పుకోలేదు. “నేను తీసిన మొదటి ఫొటో, అలాగే వేయించు” అన్నారు.