చిట్కా నంబర్ 1: ముందు కంప్యూటర్ ఆన్ చేయండి

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. ఫైళ్లు సేవ్ చేసుకోండి. అక్కర్లేనివి డిలీట్ చేయండి. కంప్యూటర్ పత్రికల చిట్కాల పేజీలో సగం ఇదే వరస. ప్రగతి నగర్ నుంచి జేఎన్‌టీయూ మీదుగా రోజూ హైటెక్ సిటీకి పోయొచ్చే సాఫ్ట్‌వేర్ జనానికి ఇవి చెప్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే.

2000ల్లో సంగతి వేరు. నల్లమోతు శ్రీధర్ ‘కంప్యూటర్ ఎరా’ పత్రిక తెస్తున్న రోజుల్లో చాలా ఇళ్లలోకి కంప్యూటర్ అప్పుడే అడుగుపెట్టింది. ఓనమాలు దిద్దించాల్సిందే మరి.

ఈ విద్యలో మైక్రోసాఫ్ట్ తక్కువ తిన్లేదు. 1990ల నాటి దాని ఆఫీస్ సాఫ్ట్‌వేర్ చిట్కాల్లో, కత్తెర పట్టుకుని పరుగెత్తితే దెబ్బ తగులుతుందన్నది ఒకటి. కాకపోతే అది కావాలని పెట్టిన జోకు.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి టకటకా రిఫ్రెష్ కొడితే సిస్టమ్ స్పీడవుతుందని నమ్మేవాళ్లు ఐటీ ఆఫీసుల్లోనూ ఉన్నారు. దాంతో ఐకాన్లు మళ్లీ కనిపిస్తాయంతే, ర్యామ్ ఖాళీ కాదు.

పనికొచ్చేదేమో ఎవరూ రాయరు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ మూలభాగమైన కెర్నెల్ స్థితి డిస్కులో దాగి ఉంటుంది. అందుకే సిస్టమ్ మొరాయిస్తే రీస్టార్టే కొట్టాలి.