మొహమాటం ఇంట్లో దించి అరకు ఎక్కండి

రెండో శనివారం, ఆదివారం, వాటిని అంటిపెట్టుకుని సోమవారం ఒక పండుగ. ఇలా మూడు సెలవులు కలిసివస్తే నలుగురు స్నేహితులు చేరి “పదండి, అరకు పోదాం” అనుకోవడం విశాఖపట్నంలోనే కాదు, రాజమండ్రిలోనూ హైదరాబాదులోనూ కూడా మామూలే. తప్పకుండా పోవలసిందే. రోజూ ఒకే ఆఫీసు, ఒకే వంటిల్లు చూసి అలసిన మనిషికి గాలి మారడం, మనసైన వాళ్ళతో రెండు పూటలు హాయిగా నవ్వుకోవడం ఏ టానిక్కూ ఇవ్వలేని బలాన్నిస్తాయి.

అయితే ఇంటిల్లిపాదీ కలిసి చేసే ప్రయాణానికీ, స్నేహితులతో చేసే ప్రయాణానికీ ఆరోగ్యం విషయంలో ఒక తేడా వుంది. ఇంట్లో మీకు చక్కెర జబ్బు ఉందని అందరికీ తెలుసు. మాత్ర మరచిపోతే గుర్తుచేసేవాళ్ళుంటారు. స్నేహితుల మధ్య ఆ సంగతి ఎత్తడానికే మొహమాటం. అన్నం ఆలస్యమైనా “ఫరవాలేదు” అంటాం. మోకాళ్ళు నొప్పెడుతున్నా వాళ్ళతో పాటు మెట్లు దిగుతాం. గ్లాసు చేతికిస్తే కాదనలేం. ప్రయాణాలలో వచ్చే ఇబ్బందులు సగం ఈ మొహమాటం వల్లనే వస్తాయి. కనుక సామాను సర్దుకునేటప్పుడు మొదట దాన్ని ఇంట్లో దించండి.

బయలుదేరే ముందు

మీకు చక్కెర జబ్బు, రక్తపు పోటు, ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ – వీటిలో ఏది ఉన్నా జట్టులో కనీసం ఒకరికి చెప్పండి. అందరికీ చాటనక్కరలేదు. మీ గదిలో పడుకునే స్నేహితుడికి చెబితే చాలు. మందులు ఏ సంచిలో ఉన్నాయో కూడా చూపండి.

మూడు రోజుల ప్రయాణానికి అయిదు రోజుల మందులు పెట్టుకోండి. కొండ చరియ విరిగి దారి ఆగవచ్చు, రైలు ఆలస్యం కావచ్చు. మందులు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని కారు డిక్కీలోనూ, ఎండ తగిలే చోటా ఉంచకూడదు. చల్లగా ఉండాలి కదా అని మంచుగడ్డకు ఆనించి పెట్టడమూ తప్పే. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

రైలా, ఘాటు రోడ్డా?

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటిన తరువాత అసలు కొండలు మొదలవుతాయి. ఇనుప ఖనిజం తేవడానికి 1960లలో వేసిన కిరండూల్ రైలు మార్గం ఇది. ఒక సొరంగం చీకటిలోంచి బయటపడి లోయ చూసేలోగా మరో సొరంగం వస్తుంది. అరకుకు కాస్త ముందున్న శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. పిల్లలు సొరంగాల్లో కేకలు వేయాలని సరదా పడతారు. వేయనివ్వండి, కాని తలుపు దగ్గర నిలబడనివ్వకండి, చేతులు బయట పెట్టనివ్వకండి.

“అంత ఎత్తుకు పోతే ఊపిరాడదేమో” అని కొందరు పెద్దవాళ్ళు జంకుతారు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లే. అంత మాత్రం ఎత్తులో గాలి పలచబడి జబ్బు చేయడమంటూ ఉండదు. నిలకడగా ఉన్న గుండె జబ్బు వారు వైద్యుణ్ణి అడిగి నిశ్చింతగా వెళ్ళిరావచ్చు.

రోడ్డున వెళ్ళేవారిని బాధించేది కడుపులో తిప్పడం. చెవి లోపల శరీరపు సమతూకం చూసే భాగం ఒకటుంది. బండి మలుపు తిరిగినప్పుడల్లా అది ‘కదులుతున్నాం’ అని మెదడుకు చెబుతుంది. పుస్తకం మీదో ఫోను మీదో ఉన్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఈ తగవులోంచే వాంతి పుడుతుంది. కనుక ముందు సీటులో కూర్చోండి, దూరాన ఉన్న కొండను చూడండి. ఖాళీ కడుపూ వద్దు, నూనె కారే పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. వాంతులు తప్పనిసరిగా వచ్చేవారు వైద్యుడు చెప్పిన మాత్రను బయలుదేరడానికి ముందే వేసుకోవాలి, ఘాటు ఎక్కాక వేసుకుంటే పనిచేయదు. ఆ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి బండి నడిపేవారు ముట్టరాదు.

బొర్రా గుహల దగ్గర

దారిలో బొర్రా గుహలు చూడకుండా ఎవరూ వెళ్ళరు. సున్నపురాతిని నీరు యుగాల తరబడి కరిగించి చేసిన శిల్పం అది. లోపలికి దిగడం తేలిక, తిరిగి ఎక్కడం కష్టం. పైగా లోపల చెమ్మ, కాళ్ళ కింద జారుడు. మోకాళ్ళ నొప్పులవారు, ఉబ్బసం వారు, నాలుగడుగులు ఎక్కితే ఆయాసపడేవారు ముఖద్వారం దగ్గరి విశాలమైన గుహను చూసి ఆగిపోతే తక్కువేమీ కాదు. “నువ్వు రాకపోతే మేమూ వెళ్ళం” అని లాగడం స్నేహం అనిపించుకోదు. ఒకరు వంతు వేసుకుని వారితో పైన కూర్చోండి. చెప్పుల విషయంలో పట్టు ఉన్న అడుగు చూసుకోండి.

బయటకు రాగానే దాహం వేస్తుంది. మరగకాచిన నీళ్ళో, సీలు విప్పని సీసా నీళ్ళో తాగండి. ఊట నీళ్ళు అద్దంలా ఉన్నా సూక్ష్మజీవులు కంటికి కనబడవు. వేడివేడిగా నిప్పు మీంచి తీసిన తిండి ఎక్కడైనా మంచిదే. పచ్చి వెదురు బొంగులో కాల్చిన కోడి అరకులో ప్రసిద్ధం. దానిలో నూనె తక్కువ కనుక చాలామందికి తగిన ఆహారమే. ఎముక దగ్గర మాంసం ఇంకా ఎర్రగా ఉంటే మాత్రం మళ్ళీ కాల్చమని అడగండి.

విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు మంచినీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీళ్ళకు తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న టీ చెంచాతో కొలవండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

చలిమంట రాత్రి

డిసెంబరు, జనవరి నెలల్లో అరకు రాత్రులు వణికిస్తాయి. ఆరుబయట చలిమంట చుట్టూ చేరి పాటలు పాడుకోవడం బాగానే ఉంటుంది. కాని ఆ నిప్పులను కుంపటిలో వేసుకుని గదిలోకో గుడారంలోకో తీసుకుపోయి తలుపు మూసి పడుకోకండి. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. చలికి కంబళి, మేజోళ్ళు, చెవులకు మఫ్లరు చాలు.

“ఒక పెగ్గు వేస్తే వెచ్చబడుతుంది” అనే మాట కూడా నిజం కాదు. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందువల్ల వెచ్చగా తోచినా, నిజానికి ఒంట్లోని వేడి బయటకు పోతుంది.

ఇక్కడే మరో పెద్ద ప్రమాదం ఉంది. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడే వ్యక్తి పగలంతా నడిచి, భోజనం ఆలస్యమై, మొహమాటానికి రెండు గుక్కలు తాగాడనుకోండి. రక్తంలో చక్కెర చటుక్కున పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతాడు. స్నేహితులు చూసి “వాడికి ఎక్కువైంది, పడుకోనివ్వండి” అని దుప్పటి కప్పుతారు. ఆ దుప్పటి కిందనే ప్రాణం పోవచ్చు. అతనికి చక్కెర జబ్బు ఉందని ఒక్కరికి తెలిసినా సంగతి మారిపోతుంది. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. అరకులో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది.

మరునాడు చాపరాయి దగ్గర బండల మీద పారే నీళ్ళలో, లేదా ఏ జలపాతం దగ్గరైనా దిగాలనుకుంటే తాగినవారు గట్టునే ఉండాలి. తడిసిన బండ, నాచు, మద్యం – మూడూ కలిస్తే ఈత వచ్చినవాడికీ భరోసా లేదు.

దోమ చేసే పని

ఇక చివరి సంగతి, అన్నిటికన్నా ముఖ్యమైనది. మన్య ప్రాంతంలో మలేరియా వెనుకటి కన్నా తగ్గినా, పూర్తిగా పోలేదు. దోమ వల్ల మలేరియా వస్తుందని రొనాల్డ్ రాస్ రుజువు పట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ దోమ పొద్దు వాలింది మొదలు తెల్లవారే వరకూ కుడుతుంది. అంటే సరిగ్గా మీరు చలిమంట దగ్గర కూర్చునే వేళ. పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకు మేజోళ్ళు వేసుకోండి. దోమల మందు రాసుకోండి. పడుకునేటప్పుడు దోమతెర కట్టుకోండి.

కుట్టిన వెంటనే జ్వరం రాదు. వారం పది రోజులు, ఒక్కోసారి కొన్ని నెలలు పట్టవచ్చు. అప్పటికి మీరు ఇల్లు చేరి, ఫోటోలు చూసి, అరకును మరచిపోయి ఉంటారు. జ్వరమూ చలీ వస్తే “పని ఒత్తిడి” అనుకుని దుకాణంలో మాత్ర కొని మింగుతారు. ఫాల్సిపారమ్ రకం మలేరియా మెదడుకు ఎక్కితే కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు. సకాలంలో రక్తం చుక్క పరీక్ష చేయిస్తే మందుతో నయమయ్యే జబ్బు అది. పొదల్లోని నల్లివంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఇలాగే ఆలస్యంగా బయటపడుతుంది. చంకలోనో నడుము దగ్గరో సిగరెట్టు కాలినట్టు నల్లని పొక్కు కనబడితే వైద్యుడికి చూపండి.

కాబట్టి తిరిగి వచ్చిన తరువాత జ్వరం వస్తే, వైద్యుడు అడగకపోయినా ఒక మాట చెప్పండి: “ఏజెన్సీలో రెండు రాత్రులు పడుకుని వచ్చానండీ.” ఆయన దేనికోసం వెతకాలో ఆ ఒక్క మాట చెబుతుంది. అంతటితో ఊరుకోక, మీతో వచ్చిన మిగతా ముగ్గురికీ ఫోను చేసి “మీకెలా ఉంది?” అని అడగండి. వాళ్ళనూ అదే దోమ కుట్టి ఉండవచ్చు.