నాన్న బూట్లు, అమీర్‌పేట వాన

నాన్న రిటైరయ్యేదాకా ఆఫీసుకి వేసుకెళ్లిన గోధుమరంగు లెదర్ షూస్ అవి. నాకు ఉద్యోగం రాగానే ఇచ్చేశారు. సైజు కూడా నాదే. మొన్న అమీర్‌పేటలో బస్సు దిగేసరికి చీలమండల దాకా నీళ్లు!

రూమ్‌కి రాగానే మావాడు హెయిర్ డ్రైయర్‌తో రెడీ. వద్దురా బాబూ అన్నా. తడి తోలుకి వేడి తగిలితే ముడుచుకుపోయి, గట్టిపడి పగుళ్లిస్తుంది. మండే ఎండ కూడా అంతే. తడిగుడ్డతో బురద తుడిచి, లేసులు తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు పెట్టా. మరీ కుక్కితే షేపు పోతుంది. పేపర్ తడిసినప్పుడల్లా మార్చాలి. అడుక్కీ గాలి తగిలేలా పక్కకి పడుకోబెట్టా. రెండ్రోజులు పట్టింది.

ఆరాక చూస్తే, నీళ్లు ఎక్కినంత మేరా తెల్లటి గీత. నీళ్లు ఆరిపోతూ ఉప్పునంతా అంచుకి చేర్చేశాయన్నమాట. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి మెత్తటి గుడ్డతో అద్దా. గీత ఒక్కటే తడిపితే దాని చుట్టూ ఇంకో గీత వస్తుంది, అందుకే షూ మొత్తం సమంగా తడిపా. మళ్లీ ఆరబెట్టి, పల్చగా లెదర్ కండిషనర్ పట్టించా. తడితోపాటు తోలులో నూనె కూడా పోతుంది మరి. 'కొబ్బరినూనె రాయొచ్చుగా' అంది అమ్మ ఫోన్లో. రంగు నల్లబడుతుందమ్మా! (స్వెడ్ షూస్‌కి మాత్రం ఈ కండిషనర్ వాడొద్దు.)

బొటనవేలి దగ్గర ఒక ముడత మిగిలింది. వీధి చివర చెప్పులు కుట్టే తాతకి చూపించా. "ఇది వానది కాదు బాబూ, పాతది" అన్నాడు. నాన్నదే. అలాగే ఉంచేశా.