మడమ నొప్పి నేర్పిన పాఠం

రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పే టీచర్ని నేను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. "ఏం లేదులే" అని మా పాపకు నెలల తరబడి చెప్పాను. ఒకరోజు తనూ మోకాలి దెబ్బను దాచి, "ఏం లేదులే" అంది. మర్నాడే డాక్టర్ దగ్గరకు వెళ్లాను.

మడమ నుంచి వేళ్ల దాకా ఉండే పట్టీ దెబ్బతిందట, ప్లాంటార్ ఫేషియైటిస్. పిక్కల వ్యాయామాలు, మెత్తటి చెప్పులు చెప్పారు. వాటికి తోడుగా ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను. సన్నటి సూదులు, పెద్దగా నొప్పి లేదు. కొన్ని వారాలకు తేలికైంది. వ్యాయామం మానగానే నొప్పి తిరిగొచ్చింది!

మీరూ వెళ్తే, ముందు డాక్టర్‌కు చూపించండి. ప్రతిసారీ కొత్త సూదులేనా అని అడగండి. నొప్పిని మాత్రం పిల్లల దగ్గర దాచకండి. వాళ్లూ దాచడం నేర్చుకుంటారు.