ఎదుగని బాలుడు

పెద్దవాడగుట నొల్లని బాలుని కథ 'పీటర్ పాన్'. స్కాట్లండున జన్మించిన జేమ్స్ బారీ దీనిని 1904లో నాటకముగ ప్రదర్శింపజేసి, 1911లో నవలగ వెలువరించెను.

బాల్యమున ఈ నవలను చదువు పాఠకుడు రెక్కలు లేకయే ఎగురు పిల్లలను చూచి మురియును. గడియారమును మ్రింగి టిక్కుటిక్కుమనుచు వచ్చు మొసలిని తలచి నవ్వును. తానును కిటికీ దాటి ఎగిరిపోవలెనని ఉవ్విళ్ళూరును.

ఆ పాఠకుడే పెద్దవాడై మరల చదివినచో, అతని చూపు కిటికీ తెరచి యుంచి బిడ్డలకై నిరీక్షించు తల్లిపై నిలుచును. పీటరు ఒకప్పుడు ఇల్లు చేరగా కిటికీ మూయబడి యుండెను. అతని శయ్యపై వేరొక బిడ్డ నిద్రించుచుండెను. తనకై విషము త్రాగిన చిట్టి దేవకన్యను సైతము ఆ బాలుడు కొంతకాలమునకే మరచెను. అది చదివినపుడు నవ్వు పెదవులపైననే ఆగిపోవును. అమెరికా ఆదివాసులను చిత్రించిన తీరు కూడ నేటి పాఠకుని నొప్పించును.

అయినను పుస్తకమును దూరముగ నుంచ మనసొప్పదు. ఎదుగనివానికి ఆటలే మిగులును, జ్ఞాపకములు మిగులవు; ఈ సత్యమును రచయిత దాచలేదు. 1929లో బారీ ఈ రచనపై తన హక్కులను లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ బాలల ఆసుపత్రికి దానమిచ్చెను. ఎన్నడును ఎదుగని బాలుని కథ, రోగము మాని ఎదుగవలసిన బిడ్డలకు ఆసరా అయ్యెను.